వాయిల వరస

లాండ్రీ వెనక గది,
ఫిబ్రవరి 9

అక్కా,

ఫోన్‌లో నా మాటల కంటే యంత్రాల హోరే ఎక్కువ వినపడుతోందని విసుక్కున్నావుగా, అందుకే ఉత్తరం. భోజనాల విరామం అరగంట. ఈ గదిలో ఒక బల్ల, రెండు స్టూళ్ళు, చిరిగిన దుప్పట్ల మూట ఉన్నాయి. మూట మీద కూర్చుని రాస్తున్నాను. స్టూళ్ళ కంటే అదే సుఖం.

నేనిప్పుడు బట్టలు ఏరే బల్ల దగ్గర లేను. యంత్రాలకు ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. నవ్వకు. నాలుగు యంత్రాలు, ఒక్కోటీ మీ వంటింటి తలుపంత. పక్కన చిన్న తెర, దాని కింద మీటలు. ఎన్ని లీటర్లు పట్టాలి, ఏ సబ్బు ఎన్నో నిమిషంలో పడాలి, నీళ్ళు ఎంత వేడెక్కాలి, ఎన్నిసార్లు జాడించాలి, ఎంతసేపు పిండాలి, అన్నీ వరసగా మనమే చెప్పాలి. ఒకసారి చెబితే మరిచిపోదు, ఎదురు చెప్పదు. ఒకప్పటి మా ఆయన కంటే వెయ్యి రెట్లు నయం.

నేర్పింది సబ్బు మావయ్య. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ యంత్రాల అరల్లో సబ్బు కొలిచి పోసేది ఆయనే కాబట్టి అందరికీ సబ్బు మావయ్యే. "అంకె నొక్కే ముందు ఒకసారి, నొక్కాక ఒకసారి చూసుకో తల్లీ" అంటాడు. నన్ను తల్లీ అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్ళో నీళ్ళు తగ్గాయి. యజమాని నన్ను పిలిచి, "నీళ్ళ వాడకం నాలుగో వంతు తగ్గించి చూపించు, యంత్రాల బాధ్యత నీకే. లేదంటే బయటి మనిషిని తెచ్చుకుంటా" అన్నాడు. నెల గడువు. చూపించలేకపోతే నేను మళ్ళీ ఏరే బల్ల దగ్గరికి పోవాలి. అక్కడ ఇప్పటికే మనుషులు ఎక్కువ. ఆ తర్వాత మూట సర్దుకుని నీ ఇంటికే. మూడేళ్ళు నీ ఇంట్లో ఉన్నాను, ఒక్క మాట అనలేదు నువ్వు. అదే నాకు బరువు.

కుళాయి రోజు విడిచి రోజు వచ్చిన ఏడాది, రెండు డ్రమ్ముల నీళ్ళతో ఏడుగురి బట్టలు ఎలా ఉతికావక్కా? అక్కడే ఉండి కూడా నేను చూడలేదు. నన్ను ఆ పెరటి వైపు రానిచ్చేదానివి కాదు. వివరంగా రాయి.

నీ చెల్లి


వంటింటి బల్ల,
ఫిబ్రవరి 14

చెల్లీ,

ఉత్తరం రెండుసార్లు చదివి, మీ బావగారికీ వినిపించాను. "తలుపంత యంత్రమా! అందులో మీ అక్కను వేసి తిప్పినా గొణుగుడు ఆపదు" అన్నారు. ఈ వారం ఆయన చొక్కాలు ఆయనే ఉతుక్కుంటున్నారు.

ఆ ఏడాది నీళ్ళ లెక్క రాసుకున్న పుస్తకం తీసి చూసి రాస్తున్నాను, ఊహించి కాదు. ఒక వాయికి ఆరు బకెట్లు పట్టేవి. ఉతకడానికి రెండు, మొదటి జాడింపుకు ఒకటి, రెండో జాడింపుకు ఒకటి, చివరి జాడింపుకు రెండు. రోజుకు నాలుగు వాయిలు, అంటే ఇరవై నాలుగు బకెట్లు. చివరిసారి జాడించిన నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి. వాటిని పారబోయకుండా తొట్టిలో పోసి ఉంచేదాన్ని. తర్వాతి వాయికి మొదటి రెండు జాడింపులూ ఆ నీళ్ళతోనే. చివరిది మాత్రం కొత్త నీళ్ళు. మొదటి వాయికి ఈ వెసులుబాటు లేదు, మిగతా మూడింటికి రెండేసి బకెట్లు మిగులుతాయి. ఇరవై నాలుగు పద్దెనిమిదికి దిగింది. మీ యజమాని అడిగిన నాలుగో వంతు సరిగ్గా అదే.

పెరట్లోకి రానివ్వకపోవడం నీ మీద కోపంతో కాదు. ఇంకో చెయ్యి పడితే నా లెక్క తప్పుతుంది. అంతే.

వేళకు తిను. మూట మీద కూర్చోకు, నడుం పట్టేస్తుంది.

అక్క


లాండ్రీ వెనక గది,
మార్చి 2

అక్కా,

నీ నోట్లో పంచదార పోయాలి! గెలిచాను.

మేడ మీద వాడకుండా వదిలేసిన తొట్టె ఒకటి ఉంది. గొట్టాల పనివాడి చేత నాలుగు యంత్రాలకూ దానికీ కలిపించాను. చివరి జాడింపు నీళ్ళు మోటారుతో పైకి పోతాయి. తర్వాతి వాయికి మొదటి రెండు జాడింపుల నీళ్ళు ఆ తొట్టెలోంచే దిగుతాయి. పదకొండు ప్రోగ్రాములూ కూర్చుని తిరగరాశాను. తెల్లారగానే క్యాంటీన్ల నుంచి వంటవాళ్ళ కోట్లు, మసిగుడ్డలు, నేల తుడిచే గుడ్డలు వస్తాయి. పదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి కాబట్టి వాటితోనే మొదలు. అవయ్యేసరికి తొట్టె నిండుతుంది. తొమ్మిదింటికి పసిపిల్లల ఆశ్రమం వ్యాను వస్తుంది. ఆ పక్కబట్టల మొదటి రెండు జాడింపులకూ మీటరు ముల్లు కదలనే కదలదు!

యజమాని మీటరు చూసి, నన్ను చూసి, మళ్ళీ మీటరు చూశాడు. మర్నాడే నీలం కోటు ఇచ్చాడు. యంత్రాల గది తాళం నా దగ్గరే. ఇప్పుడు నేను ఇన్‌ఛార్జిని, కాస్త మర్యాదగా రాయి.

సబ్బు మావయ్య మేడెక్కి తొట్టెలో చెయ్యి పెట్టి వాసన చూశాడు. "ఇంకా సబ్బు పోలేదే దీంట్లో" అన్నాడు. "మావయ్యా, ఇరవై రెండేళ్ళ సబ్బు నీ ముక్కులో ఉంది, నీళ్ళలో కాదు" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

నీ ఇన్‌ఛార్జి చెల్లి


వంటింటి బల్ల,
మార్చి 8

చెల్లీ,

సంతోషం. నీలం కోటుతో ఒక ఫోటో పంపు. పక్కింటావిడకు చూపించాలి, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో ఆవిడ వారానికోసారి అడుగుతుంది.

ఒక్క ప్రశ్న. పొద్దున్నే ముందు నేల గుడ్డలు, తర్వాత పసిపిల్లల పక్కబట్టలు అని రాశావు. నేను సరిగ్గానే చదివానా? తొట్టెలో ఉన్న నీళ్ళు నేల గుడ్డలు జాడించినవేనా? వాయిల వరస ఏమిటో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక కాగితం మీద రాసి పంపు. ఆలస్యం చేయకు.

అక్క


లాండ్రీ వెనక గది,
మార్చి 20

అక్కా,

పని ఊపిరాడనివ్వడం లేదు, అందుకే ఆలస్యం. ఫోటో పెట్టాను. కోటు భుజాల దగ్గర వదులు, అయినా బాగుంది కదూ? యజమాని మొన్న ఎవరినో తీసుకొచ్చి చూపిస్తూ, "ఈవిడే మా బుర్ర" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆశ్రమం నుంచి నిన్న ఫోన్ చేశారు. తొమ్మిది మంది పసివాళ్ళకు వీపుల మీద, తొడల మీద ఎర్రగా దద్దుర్లు. డాక్టరు పక్కబట్టల్లో సబ్బు మిగిలి ఉందన్నారట. యజమాని సబ్బు మావయ్య మీద పడ్డాడు. ఆయన చెంబుతో, చేతి అంచనాతో పోస్తాడుగా, అదే కారణమంటున్నాడు. పాపం, పెద్దవాడయ్యాడు, ఒకటి రెండుసార్లు పొరపడి ఉండొచ్చు.

నీ వెన్నునొప్పి ఎలా ఉంది? బావగారు చొక్కాలు ఇంకా ఉతుక్కుంటున్నారా?

చెల్లి


వంటింటి బల్ల,
మార్చి 24

చెల్లీ,

నేనడిగిన వరస రాలేదు. నా వెన్ను సంగతి అడిగావు, బావగారి చొక్కాల సంగతి అడిగావు, నా ప్రశ్నను మాత్రం తప్పించుకున్నావు. నువ్వు చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా ముందు అమ్మ కాళ్ళనొప్పుల సంగతే అడిగావు.

నీ ఉత్తరం కోసం చూస్తూ ఊరుకోలేదు. పదో తారీఖున నేల గుడ్డలు, మసిగుడ్డలు ఘాటు సబ్బు వేసి ముందు ఉతికాను. వాటి చివరి జాడింపు నీళ్ళతో నా దిండు గలీబు, దుప్పటి రెండుసార్లు జాడించి, చివర ఒక్కసారి కొత్త నీళ్ళు పోశాను. ఆరాక చూడటానికి మల్లెపూవులా ఉన్నాయి. వేళ్ళతో రుద్దితే మాత్రం జారాయి. నాలుగు రోజులు వాటి మీదే పడుకున్నాను. అయిదో రోజుకు ఎడమ చెంప, మెడ మండటం మొదలుపెట్టాయి. నాది యాభై ఏళ్ళ తోలు. ఆ పసివాళ్ళ వీపులు నెలల నాటివి.

ఇందులో నా తప్పు ముందు రాస్తాను. నేను నీళ్ళ సంగతి రాశాను, వరస రాయలేదు. మా ఇంట్లో మొదటి వాయి ఎప్పుడూ పొత్తిగుడ్డలు. తర్వాత పక్కబట్టలు, ఆ తర్వాత ఒంటి బట్టలు, ఆఖరున మసిగుడ్డలు. నీళ్ళు శుభ్రమైన వాటి నుంచి మురికి వాటికి పోవాలి గానీ వెనక్కి రాకూడదు. ఇరవై ఏళ్ళుగా చేతులు వాటంతట అవే చేస్తున్న పని, చెప్పాల్సిన సంగతని నాకు తోచనే లేదు. పైగా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదాయె, చూసి నేర్చుకునే వీలైనా ఇవ్వలేదు. పుస్తకంలో బకెట్లు రాసుకున్నాను, వరస అందులోనూ లేదు. వెతికాను.

ఆ పెద్దాయన చెంబులో తప్పు లేదు. ఈ ఉత్తరం అందగానే ఆశ్రమం బట్టలకు తొట్టె నీళ్ళు ఆపు. తర్వాత మీ యజమానికి చెప్పు.

అక్క


లాండ్రీ వెనక గది,
మార్చి 28

అక్కా,

ఇప్పుడు చెబుతావా? గొట్టాలు బిగించాక, కోటు తొడుక్కున్నాక, ఊరంతా బుర్ర బుర్ర అన్నాక! "ఊహించి కాదు, పుస్తకం చూసి రాస్తున్నాను" అన్నావు. నీ మాట మీద ఒక్క అంకె కూడా మార్చకుండా ఎక్కించాను. నీకు తోచలేదు, సరే. నాకెలా తోస్తుంది?

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం అందిన గంటలోనే మార్చేశాను. ఆశ్రమం బట్టలకు మూడు జాడింపులూ కొత్త నీళ్ళే. ఎవరికీ తెలీదు. మీటరు లెక్క పెరగకుండా క్యాంటీను బట్టల నీళ్ళలో కొంచెం కోత పెట్టాను. ఇక దద్దుర్లు తగ్గుతాయి. పిల్లలు బాగుపడితే చాలదా?

సబ్బు మావయ్యను గురువారం నుంచి పనిలోకి రావద్దన్నారు. వచ్చే శనివారం రమ్మని, అందరి ముందూ తేలుస్తానన్నాడు యజమాని. తేల్చేదేముంది, పంపించేస్తాడు. ఎలాగూ రెండేళ్ళలో మానేసే మనిషే. కూతురింటికి పోతానని ఎప్పుడూ అంటుంటాడు.

నీ దగ్గర దాచి ఏం లాభం, ఇదీ రాస్తాను. ఆశ్రమం వాళ్ళు ఫోన్ చేసిన రోజే నేను తడి దుప్పటి వేళ్ళతో రుద్ది చూశాను. జారింది. మళ్ళీ రుద్దాను. చేతికి చెమటేమో అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. మర్నాడే నీకు ఆ ఉత్తరం రాశాను.

నోరు విప్పితే కోటు పోతుంది, తాళం పోతుంది, బహుశా పని కూడా పోతుంది. నలభై రెండేళ్ళకు మొదటిసారి నాకంటూ ఒక గది, ఒక తాళంచెవి ఉన్నాయి. నువ్వు ఏ రోజూ ఎవరి గుమ్మంలోనూ మూటతో నిలబడలేదు. నీకు చెప్పడం తేలిక.

చెల్లి


వంటింటి బల్ల,
మార్చి 31

చెల్లీ,

తేలిక అన్నావు. నువ్వు మూటతో నిలబడిన రోజు గుమ్మం లోపల నిలబడింది నేనే, ఎంత తేలికో నాకు తెలుసు. ఆ మాట వదిలేస్తున్నాను. పోట్లాడటానికి టైము లేదు.

నువ్వు చూడనిది ఒకటి ఉంది. తారీఖులు పక్కపక్కన పెట్టి చూడు. గురువారం ఆయన్ని రావద్దన్నారు. శుక్రవారం నువ్వు ఎవరికీ చెప్పకుండా నీళ్ళు మార్చావు. సోమ మంగళవారాలకు పిల్లల వీపులు తేటపడటం మొదలవుతుంది. శనివారం మీ యజమాని ఏమంటాడు? "చూశారా, ఈయన చెంబు పక్కన పెట్టగానే జబ్బు తగ్గింది" అంటాడు. నిన్నటి దాకా ఆయన మీద ఉన్నది అనుమానం. నువ్వు గుట్టుగా చేసిన మంచి పని దాన్ని రుజువు చేసి పెట్టింది. ఇరవై రెండేళ్ళు కొలిచిన మనిషి, నా చెయ్యే తప్పిందేమో అని తనే నమ్మి ఇంటికి పోతాడు. కూతురింటికి అలా పోవాలా?

నీ పని పోతే ఏం చేస్తామో నాకు తెలీదు. తెలుసని అబద్ధం రాయను. ఇక్కడ గది ఖాళీగా లేదు. మావగారికి మంచం అందులో వేశాం. నీకు ముందే రాయలేదు, బెంగ పడతావని. వస్తే వంటింట్లో నా పక్కన చాప వేస్తాను.

శుక్రవారం సాయంత్రం లోగా నీ దగ్గరి నుంచి ఫోన్ రాకపోతే శనివారం మొదటి బస్సెక్కుతాను. మీ యజమాని ముందు నిలబడి, పద్ధతి నాది, సగం రాసి సగం మింగింది నేను అని చెబుతాను. నా మెడ చూపిస్తాను, ఇంకా ఎర్రగానే ఉంది. మీ బావగారు వద్దనలేదు. "టిక్కెట్టు రెండు తీసుకోనా" అని మాత్రం అడిగారు.

అక్క


లాండ్రీ వెనక గది,
ఏప్రిల్ 8

అక్కా,

శుక్రవారం "రాకు, నేనే చెబుతాను" అని నీ మాట వినకుండానే ఫోన్ పెట్టేశాను. వింటే ఏడుపొచ్చేది.

శనివారం పదకొండింటికి అందరం రెండో యంత్రం ముందు నిలబడ్డాం. సబ్బు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కొలత చెంబు కడిగి చేతిలో పట్టుకుని వచ్చాడు. యజమాని నువ్వు రాసినట్టే అన్నాడు, దాదాపు అవే మాటలు. "ఆశ్రమం వాళ్ళు ఫోన్ చేశారు. నాలుగు రోజులుగా తగ్గుతున్నాయట. ఇంకేం రుజువు కావాలి?"

మావయ్య చెంబు వైపు చూసుకుని, "నా కొలత తప్పలేదనుకున్నా బాబూ. తప్పిందేమో మరి" అన్నాడు.

ఆ "మరి" నాకు మింగుడుపడలేదక్కా.

"తప్పలేదు. శుక్రవారం నీళ్ళు మార్చింది నేను" అన్నాను.

"ఏం నీళ్ళు?"

నోటితో చెబితే నమ్మరని, పాత ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను. ముందు క్యాంటీను గుడ్డలు, తర్వాత తొట్టె నీళ్ళతో చిరిగిన దుప్పట్లు. సబ్బు మావయ్యనే కొలిచి పొయ్యమన్నాను, యజమానిని పక్కన నిలబడి చూడమన్నాను. రెండు వాయిలకు రెండు గంటలు. ఎవరూ భోజనానికి కదల్లేదు. తడి దుప్పటి తీసి యజమాని చేతిలో పెట్టి రుద్దమన్నాను. రుద్దాడు. తర్వాత మడతల బల్ల దగ్గరి ఆవిడ రుద్దింది. "అమ్మో, నాచు పట్టినట్టుంది" అంది. సబ్బు మావయ్య మాత్రం దుప్పటి ముట్టుకోలేదు. నా వైపే చూస్తున్నాడు, ఎంత చల్లగా చూస్తున్నాడో! ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు యజమాని అడిగాడు. "ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం" అంటే సరిపోయేది. ఎవరూ పట్టుకోలేరు. నీ ఉత్తరం అందింది ఆ రోజే కాబట్టి పూర్తి అబద్ధమూ కాదు. నాలుక చివరి దాకా వచ్చింది.

"పదహారు రోజుల కిందట. ఆశ్రమం వాళ్ళు ఫోన్ చేసిన రోజే" అన్నాను.

మావయ్య తల తిప్పుకున్నాడు.

నీ పేరు ఎత్తలేదు. నీ పద్ధతిలో తప్పులేదు. కళ్ళెదురుగా బట్టలు పెట్టుకుని కూడా చూడనిది నేను. కోటు, తాళంచెవి అక్కడే ఇచ్చేశాను. యజమాని అరిచాడు, చాలాసేపు అరిచాడు. పనిలోంచి మాత్రం తీసేయలేదు. ఆశ్రమానికి నన్నే వెళ్ళి చెప్పి రమ్మన్నాడు. వెళ్ళాను. అక్కడి ఆయా ఒక పిల్లాడిని బోర్లా పడుకోబెట్టి చూపించింది. ఎరుపు చాలావరకు పోయింది. చెవుల వెనక ఇంకా ఉంది. క్షమించమని ఆయాతో అన్నాను, పిల్లాడితో ఏమనాలో తెలీలేదు.

తొట్టె అలాగే ఉంచారు, వరస మార్చారు. వ్యానును ఆరింటికే రప్పిస్తున్నారు. ముందు పసివాళ్ళవి, ఆఖరున నేల గుడ్డలు. ప్రోగ్రాం బాధ్యత ఇక సబ్బు మావయ్యది. నేను ఏరే బల్ల దగ్గర ఉన్నాను. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవాడు, పరాయి మనిషికి ఇచ్చినట్టు. తిట్టినా బాగుండేది.

ఇవాళ పొద్దున ఆశ్రమం ప్రోగ్రాం కొత్తగా ఎక్కించాల్సి వచ్చింది. ఆయన తెర ముందు నిలబడి, నా వైపు చూడకుండా, "ఇక నుంచి ఏ ప్రోగ్రామూ ఒక్కళ్ళే రాయకూడదు. ఒకరు చదవాలి, ఒకరు నొక్కాలి" అని అందరితో అన్నాడు. అంకెలు రాసిన కాగితం వెనక్కి చాపాడు. నా పక్కనున్న అమ్మాయి అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వెళ్ళి తీసుకున్నాను.

"మొదటి జాడింపు, కొత్త నీళ్ళు, తొంభై లీటర్లు" అని చదివాను.

నొక్కలేదు. "మళ్ళీ" అన్నాడు.

మళ్ళీ చదివాను. అప్పుడు నొక్కాడు. ఇరవై ఆరు అంకెలక్కా, ఒక్కోటీ రెండేసిసార్లు చదివించుకున్నాడు. తల్లీ అనలేదు. రేపు మూడో యంత్రానికి రాయాలి, ఆరింటికి రమ్మన్నాడు.

చెల్లి